కనుమ దిగిన బండి

వెనకటికి ఒక కొండకోటలో, రాళ్లు మోసే నాలుగు చక్రాల బళ్లు మలుపు మలుపుకీ చక్రాలు అరగదీసుకునేవి. బాగుచేయమని లోయలోని వడ్రంగి చిన్నబ్రహ్మాన్ని పట్టుకొచ్చారు. "చక్రం అరగని రోజున ఇంటికి పో" అని దొర నిండు కొలువులో మాటిచ్చాడు.

ప్రతి సాయంత్రం బ్రహ్మం బురుజెక్కి, లోయలో తన ఇంటి పొయ్యి పొగ కోసం వెతుక్కునేవాడు. అక్కడ భార్య ముత్తమ్మ ఒక్కతే వండుకుంటూ ఉండేది.

బిగించిన ఇరుసు తిరగలేకే మలుపులో చక్రాన్ని ఈడుస్తోందని అతనికి తోచింది. ముందు ఇరుసును నడిమి మేకు మీద అటూ ఇటూ తిరిగేలా అమర్చాడు. ఎడ్ల లాగుడు తేలికైంది, చక్రాల అరుగుదల ఆగింది.

అంత పనివాణ్ణి వదలడానికి దొరకు మనసొప్పలేదు. "కోట బాటలో అరగకపోతే సరా?" అన్నాడు.

"నిజమే దొరా. మా ఊరి కనుమను మించిన వంకర దారి లేదు. తమరు కూర్చోండి, నేను తోలుతాను."

బండి కనుమ దిగి లోయలో ఆగింది. దొర చక్రం తడిమి, వెంట వచ్చిన పరివారమంతా వింటుండగా, "వెంట్రుకంతైనా అరగలేదు" అని మురిసిపోయాడు.

"ఇదే మా ఇల్లు దొరా" అంటూ బ్రహ్మం పగ్గాలు బంటుకు అందించాడు.

దొర పరివారం వంక చూసి, ఇచ్చిన మాట తప్పలేక, బండి వెనక్కి తిప్పమని బంటుకు సైగ చేశాడు.

ముత్తమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. అతను కాళ్లు కడుక్కుంటుంటే, అలాగే చూస్తూ నిలబడింది.