ఒక్కరికే కుట్టిన బరకం

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతి మానేశాక పెన్ను పట్టుకున్నదల్లా ఎక్కడైనా సంతకం పెట్టమంటేనే. మా గురువుగారు గవరయ్యగారు పోయాక, ఆయన దగ్గర కూర్చున్నవాళ్లం తలా ఒక సంగతి రాసివ్వాలని కొండలరావు అన్నయ్య పట్టుబట్టాడు. నలుగురిలో మాట్లాడ్డానికే నాకు నోరు పెగలదు, రాయడం నావల్ల ఏమవుతుంది అన్నాను. "రాసేటప్పుడు ఎవరి మొహమూ చూడక్కర్లేదు కదా వరాలూ" అన్నాడు. అదీ నిజమే. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

ఆ ఏడాది కార్తీకం దగ్గర పడేసరికి నాకు ఒక్కటే బెంగ. నూకరత్నం వదిన లేకుండా ఎలా నడవడం?

గురువుగారు ప్రతి కార్తీకంలోనూ మమ్మల్ని వెంటబెట్టుకుని ధవళేశ్వరం దగ్గర బయల్దేరి, ఏటిగట్టు పట్టుకుని, గోదారి సముద్రంలో కలిసే అంతర్వేది దాకా నడిచేవారు. బస్సులెక్కడం లేదు, సత్రాల్లో దిగడం లేదు. పగలంతా నడక. పొద్దు వాలాక ఏ రేవు దగ్గరో బరకం కట్టుకుని పడక. కళ్లంలో ధాన్యం మీద కప్పే పట్టానే మేం బరకం అంటాం. మూట బరువు చంకనెత్తుకున్న ఏడాది పిల్లకి మించకూడదనేవారు. "పిల్లని రోజంతా మొయ్యగలవు. పిల్లతోపాటు ఉయ్యాల కూడా మోస్తానంటే కుదరదు" అని నవ్వేవారు.

ఆయన పెట్టిన పద్ధతి ఇంకొకటుంది. జంటలుగా నడవాలి. జంటలో ఒకరి మూటలో బరకం, బియ్యం ఉంటాయి. రెండోవారి మూటలో తాళ్లు, గిన్నె ఉంటాయి. చేతికర్రలు చెరొకటి. సాయంత్రానికి ఆ కర్రలే బరకానికి రాటలు. దారిలో పోట్లాడుకుని విడిపోయారో, ఒకరికి బరకం ఉండి కట్టడానికి తాడుండదు. ఇంకొకరికి గిన్నె ఉండి వండడానికి బియ్యం ఉండవు. ఎందుకిలా పెట్టారని మేమెవరం అడగలేదు. బరువు తగ్గుతోంది కదా, అందుకే అనుకున్నాం.

నా జంట ఎప్పుడూ నూకరత్నం వదినే. మా వీధి మనిషి. బరకం, బియ్యం ఆవిడవి. ఒకసారి బియ్యంలో చెయ్యి పెడితే పౌడరు డబ్బా తగిలింది.

"ఇదేంటి వదినా? గురువుగారు చూస్తే?"

"సముద్రం అంతటివాడిని చూడ్డానికెళ్తూ మొహానికి పౌడరైనా లేకుండా ఎలా వెళ్తానే?"

ఆ మాటకి గట్టు మీద నవ్వలేక కూలబడ్డాను. నన్ను అలా నవ్వించినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆ వేసవిలో వదిన పోయింది. గుండెల్లో నొప్పన్న మనిషిని ఇంట్లోనే ఉంచేశారని, ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయిందని వీధంతా అనుకున్నారు. అప్పుడు ఇంట్లో ఉన్నది కోడలు లోవకుమారి ఒక్కతే. నేను మా చెల్లెలి ఊళ్లో ఉన్నాను. వచ్చేసరికి అంతా అయిపోయింది. నన్ను చూసి లోవ "పిన్నిగారూ" అంటూ దగ్గరకొచ్చింది. నేను మొహం తిప్పుకున్నాను. తర్వాత కూడా ఆ పిల్ల ఎదురొస్తే వీధిలో ఈ పక్క నుంచి ఆ పక్కకి వెళ్లిపోయేదాన్ని. ఒక్క మాటా అనలేదు. ఒకరిని అనడం నాకు చేతకాదు. లోపల మాత్రం పెట్టేసుకున్నాను.

ఇంకెవరితోనూ జంట కట్టకూడదనుకున్నాను. బజారుకెళ్లి పల్చటి నీలం పట్టా తెచ్చి, నా పొడుగుకి కొలుచుకుని, మిగిలింది కత్తిరించేశాను. అంచులు మడిచి చేత్తో కుట్టాను. పెరట్లో కట్టి చూసుకున్నాను. వెనకంచుకి వెదురు మేకులు దిగ్గొట్టి, ముందంచు కర్ర మీద లేపి, రెండు వైపులా తాళ్లు లాగి మేకులకి కడితే చక్కగా నిలబడింది. ఒక్క కర్ర చాలు. కర్రా తాళ్లూ సరిచూసుకుని వెనక్కి తిరిగేలోపు మా కోడిపెట్ట లోపల దూరి కూర్చుంది. దాన్ని తోలి నేను దూరాను. కాళ్లు ముడుచుకుంటే సరిగ్గా పట్టాను. చిన్న గిన్నె, గుప్పెడు చింతపండు, నాకు సరిపడా బియ్యం, ఒక చీర. అంతా కలిపినా ఏడాది పిల్లంత లేదు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉందో.

బయల్దేరే ముందురోజు గురువుగారి అరుగు మీద అందరం మూటలు సర్దుకుంటున్నాం. ఆయన ఒకప్పుడు రైసుమిల్లులో గోతాలు కుట్టేవారు. నా బరకం చేతిలోకి తీసుకుని అంచు తిప్పి చూశారు.

"ఎవరు కుట్టారమ్మా?"

"నేనేనండి. ఒక్క కర్రతో నిలబడుతుందండి."

కొండలరావు అన్నయ్య ఊరుకోలేదు. "ఓరి నాయనో, మన వరాలు సొంతిల్లు కట్టేసింది! గృహప్రవేశానికి పిలవనేలేదే!"

అందరూ నవ్వుతుండగా లోవ వచ్చింది. వదిన పాత బరకం మడత పెట్టి చేతి మీద వేసుకుంది. నవ్వులు ఆగిపోయాయి.

గురువుగారు నన్ను చూసి, "మన రత్నం నడిచిన దారి చూస్తానందమ్మా. నీకు జంట" అన్నారు.

 ఎక్కణ్ణించి వచ్చిందో మాట వచ్చేసింది. "నాకు జంట అక్కర్లేదండి. బరకం, తాళ్లు, గిన్నె, బియ్యం అన్నీ నా దగ్గరే ఉన్నాయండి."

ఆయన ముందు అంత పొడుగు మాట నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన నా సంచి అందుకుని చేత్తో ఎగరేసి చూశారు.

"అవునమ్మా. తేలిగ్గానే ఉంది" అన్నారు. అంతే. కోప్పడలేదు.

తర్వాత లోవతో, "నువ్వు బరకం, బియ్యం పట్టుకో" అన్నారు.

"మరి తాళ్లండీ?"

"తాళ్లు నీ జంట దగ్గరుంటాయి."

నేను విననట్టు సంచి మూతి బిగించుకున్నాను.

మొదటిరోజు ఆకాశం తేటగా ఉంది. బరకాలు కట్టే పనే పడలేదు, ఇసక మీద పరుచుకుని పడుకున్నాం. లోవ బియ్యం కొండలరావు అన్నయ్యవాళ్ల గిన్నెలో ఉడికాయి. నా గుప్పెడు నేను వేరే పొయ్యి మీద వండుకున్నాను. ఆ పిల్ల నడకకి కొత్త. మడమ బొబ్బలెక్కి కుంటుతూ అందరికంటే వెనకబడిపోయింది. వెనక్కి తిరిగి చూడాలనిపించేది. చూడలేదు.

రెండోరోజు మధ్యాహ్నం దాటాక తూర్పున మబ్బు నల్లగా దిగింది. ఇటుక బట్టీలు దాటి అరటితోటల పక్కకొచ్చేసరికి ఈదురుగాలి మొదలైంది. "వాయుగుండమంట, ముందుకెళ్లకండి!" అని సైకిలు మీద పోతూ ఒకాయన అరిచి చెప్పాడు. గట్టు దిగి తోట వారన ఆగాం. ఎవరి జంట వాళ్లు గబగబా కట్టుకోవడం మొదలెట్టారు. ఒకరు గుడ్డ పరిస్తే ఒకరు తాడు లాగుతున్నారు. నాది అందరికంటే ముందు లేచింది. దూరి కూర్చున్నానో లేదో వాన దబదబా పట్టుకుంది.

ఎదురుగా లోవ నిలబడి ఉంది. చేతిలో బరకం ఉంది, కట్టడానికి ఏమీ లేదు. ఒక్క కర్ర నేలలో గుచ్చి దాని మీద వెయ్యబోతే గాలి ఎత్తి కొట్టింది. మళ్లీ వేసింది. మళ్లీ కొట్టింది. చివరికి బియ్యం మూట కింద పెట్టి, బరకం మడతలు పెట్టి మూట మీద కప్పి, అంచుల మీద తన రెండు పాదాలూ వేసి నిలబడింది. తను మాత్రం తడుస్తోంది.

నేను మోకాళ్ల మీద గెడ్డం ఆనించుకుని నేలకేసి చూస్తూ కూర్చున్నాను.

"చోటుందా అమ్మా?"

గురువుగారు. కొండలరావు అన్నయ్యతో కలిసి కట్టుకున్న బరకం వదిలేసి వచ్చేశారు. పంచె కాళ్లకి అతుక్కుపోయి ఉంది. ఉందనీ లేదనీ ఎలా చెప్పను? "రండయ్యా" అన్నాను. ఆయన వంగి లోపలికొచ్చారు. ఆయన కూర్చోవాలంటే నేను లేవాలి. లేచాను. ఒక అడుగు వెనక్కి వేశాను. ఇంకో అడుగు వేసేసరికి వానలో ఉన్నాను.

ఆయన కాళ్లు ముడుచుకుని, కప్పుని ఒకసారి తడిమి చూశారు. "చుక్క దిగడం లేదు. బాగా కుట్టావమ్మా. ఒక్కరికి సరిగ్గా సరిపోయింది" అన్నారు.

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగా మెచ్చుకున్నట్టే అన్నారు. అందుకే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అవతల నుంచి కొండలరావు అన్నయ్య కేకేశాడు. "వరాలూ, ఇటొచ్చేయ్! మాది పెద్దదే, కాళ్లు గోదాట్లో పెట్టుకుంటే ఇంకొకరు పడతారు!" ఎవరూ నవ్వలేదు. నేను కదల్లేదు.

గురువుగారు ముందుకు వంగి, నేను కట్టిన తాళ్లు ఒక్కొక్కటే విప్పారు. గాలికి ముందంచు పడిపోబోతుంటే కుడిచెయ్యి పైకెత్తి పట్టుకున్నారు. ఎడంచేత్తో తాళ్లూ వాటి మేకులూ కలిపి చుట్టి, కర్రతోపాటు నాకు అందించారు.

"ఇవి నాకక్కర్లేదమ్మా. నేను పట్టుకుని కూర్చుంటాను."

తీసుకున్నాను. తీసుకుని ఎక్కడికెళ్లాలో ఆయన చెప్పలేదు. చెప్పి ఉంటే సిగ్గుపడి ఆగిపోయేదాన్నేమో.

లోవ దగ్గరకెళ్లి రెండో కర్ర గుచ్చాను. ఆ పిల్ల నా మొహం చూడకుండానే బరకం అంచు అందించింది. నేను తాడు లాగాను, తను మేకు కొట్టింది. ఎప్పుడూ కలిసి కట్టనివాళ్లం కదా, ఒక మూల జారిపోయింది. మళ్లీ కట్టాం. లోపలికి దూరాక ఇద్దరి తలలూ నీళ్లు కారుతున్నాయి. లోవ తన సంచిలోంచి పొడి తువ్వాలు తీసి ముందు నాకే ఇచ్చింది. తీసుకున్నాను. 

చీకటి పడుతుండగా బయటికి చూశాను. గురువుగారు అలాగే కూర్చుని ఉన్నారు, చెయ్యి పైకెత్తి. డెబ్బై దాటిన మనిషి. నేను వానలోనే పరిగెత్తాను.

"అయ్యా, ఈ తాళ్లు తీసేసుకోండి. చెయ్యి పడిపోతుందండి."

"నొప్పి పుడితే మారుస్తానమ్మా. రెండోది ఉందిగా" అన్నారు. "వెళ్లి పడుకో. ఆ పిల్ల ఒక్కతే ఉంది."

పడుకున్నానే గానీ నిద్రెక్కడిది? పక్కన లోవకీ పట్టలేదు. వాన చప్పుడు వింటూ ఇద్దరం ఒకే కప్పు కేసి చూస్తూ ఉన్నాం. ఆ చప్పుడులో అడిగేస్తే బాగుండేది. అడగలేకపోయాను.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. గోదారి ఎర్రగా పారుతోంది. అందరూ మూటలు కట్టుకుని గట్టెక్కారు. లోవ కుంటుతూ వెనకబడింది. నేనూ వెనకబడ్డాను. చాలాదూరం మా ఇద్దరి అడుగుల చప్పుడే. కాస్త ధైర్యం కూడదీసుకుని అడిగాను.

"ఆ రోజు ఏమైందే లోవా?"

 ఆ పిల్ల చెప్పడం మొదలెట్టాక ఆగలేదు.

"పొద్దున్నే గుండెల్లో మంటగా ఉందన్నారండి అత్తయ్యగారు. రాత్రి పునుగులు తిన్నారు కదా, గ్యాసేమో అనుకున్నానండి. కొట్టుకెళ్లి సోడా తెచ్చిచ్చాను. తాగి, నెమ్మదించిందే అన్నారు. కాసేపు పడుకుంటాను, లేపకన్నారు. నేను లేపలేదండి పిన్నిగారూ. బట్టలుతుక్కుంటూ కూర్చున్నాను." మళ్లీ తనే అంది. "నాదే తప్పని అందరూ అన్నారండి. ఏమైందని మాత్రం ఎవరూ అడగలేదు."

నేను కాసేపు నడిచాను.

"నేనున్నా సోడాయే ఇచ్చేదాన్నే" అన్నాను.

లోవ గట్టు మీద బురదలో అలాగే కూలబడిపోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను సంచి దింపి పక్కన కూర్చున్నాను. వీపు మీద చెయ్యి వెయ్యాలనిపించింది, సిగ్గేసింది. తర్వాత వేశాను.

గురువుగారు ఆ రోజు మాకంటే వెనక వస్తున్నారు. రోజూ కుడిభుజానికి తగిలించుకునే మూట ఎడమ భుజం మీద ఉంది. కుడిచెయ్యి గుండెకి ఆనించి పెట్టుకున్నారు. మా ఇద్దరినీ ఒకసారి చూశారు.

ఆగలేదు. మా పక్క నుంచే నడుచుకుంటూ వెళ్లిపోయారు.