నీళ్ళు దాచిన రాజు

అనగనగా, మబ్బులు మనుషులతో మాట్లాడే రోజుల్లో, కొండకింద ఒక చిన్న సీమ. దాన్నేలే రాజు పెద్దిరాజు.

పెద్దిరాజు చెడ్డవాడు కాడు, పాపం. చిన్నప్పుడు కరవులో తోడబుట్టిన చెల్లెల్ని పోగొట్టుకున్నాడు. అప్పటినుంచీ నీటిచుక్క ఎటు జారినా ఆయన గుండె గుభేలుమనేది.

ఆ సీమలో ఒక ఆచారం ఉండేది. చెరువు నిండి అలుగు పారిన రోజున ఊరంతా కూడి, పసుపు, కుంకుమ, రవికెగుడ్డ నీళ్ళలో వదిలేవారు. అలా గంగమ్మను అత్తవారింటికి సాగనంపేవారు. ఆ నీరు పోయి దిగువూరి చెరువులో చేరేది.

"మన నీళ్ళు పొరుగువాళ్ళకెందుకు?" అని రాజు అలుగుమీద గోడ కట్టించాడు. దిగువ చెరువు ఎండిపోయింది.

"ఈ చెట్లు వేళ్ళతో జుర్రేస్తున్నాయి!" అని కట్టమీద చెట్లన్నీ కొట్టించాడు.

"అసలు దొంగ సూర్యుడు!" అని చెరువంతా ఈతచాపలు కప్పించాడు. సూర్యుణ్ణి చెరసాలలో పెట్టే వీలు లేదు గనుక అంతటితో ఆగాడు.

ఇక వానకోసం చూశారు. చూశారు, చూశారు. కార్తెలన్నీ పొడిగానే దాటిపోయాయి. వరి పొట్టకొచ్చింది, చెరువు అడుగుకొచ్చింది.

చివరికి ఒక బక్క మబ్బు కొండమీదికి వచ్చింది. రాజు కట్ట ఎక్కి చేతులు జోడించాడు.

"తల్లీ, కురవవమ్మా!"

"దేనితో కురవను నాయనా? దిగువ చెరువు తడి, చెట్ల ఆకుల తడి, నీ చెరువు ఆవిరి, ఇవి తాగే కదా నీ కొండమీదికి వచ్చేదాన్ని! మీరు సాగనంపే గంగమ్మను నేనే. అత్తవారింటికి పంపని పిల్ల పుట్టింటికి తిరిగి ఎలా వస్తుంది?"

రాజు చెరువుకేసి చూశాడు. ఉన్న కాసిని నీళ్ళు వదిలితే పైరు పోతుంది. వదలకపోతే వానే పోతుంది.

రాణి చెన్నమాంబ పక్కన నిలబడింది. "మీ చెల్లెలు గుర్తొచ్చి భయపడుతున్నారు, నాకు తెలుసు. దిగువూళ్ళోనూ చెల్లెళ్ళున్నారు ప్రభూ" అంది.

రాజు ఏడ్చాడు. ఏడుస్తూనే తూము తెరిచి నీళ్ళు దిగువకు వదిలాడు. చాపలు లాగించాడు, గోడ పడగొట్టించాడు, కట్టపొడుగునా మొక్కలు నాటించాడు.

వెంటనే వాన కురిసిందంటే అబద్ధమే. ఆ ఏడు రాజుగారి వరి ఎండిపోయింది. ఆ కాసిని నీళ్ళతోనే దిగువూరివాళ్ళు కొర్రలు పండించి, బుట్టల్లో ఎత్తుకుని వచ్చి రాజుగారికి పెట్టారు. ఆయన తలవంచుకుని తిన్నాడు.

మరుసటేడు ఆ మబ్బే కడుపునిండా నీళ్ళతో వచ్చి కొండమీద కురిసింది.

నీరు దాచుకున్నవాడి దగ్గర నిలవదు, సాగనంపినవాడి ఇంటికే తిరిగొస్తుంది.