నూకాలమ్మ నాలుగో టేకు

జగన్నాథం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ పని అయ్యాక కూడా అడిగినవాడికి ప్రశ్న గుర్తుంటే అప్పుడు మాట్లాడతారు. చాలామందికి గుర్తుండదు. గుర్తున్నవాళ్ళలో సగంమంది మళ్ళీ అడగడానికి జంకుతారు. ఆయన రేడియోలో ముప్పై రెండేళ్ళు రికార్డింగులు చేసి రిటైరైన మనిషి. విజయనగరంలో తన ఇంటి పెరటిగదికి నాలుగు గోడలకూ కొబ్బరిపీచు పరుపులు కొట్టించి, చుట్టుపక్కల పల్లెల్లో పాతపాటలు తెలిసిన ముసలివాళ్ళను పిలిపించి, ఆ పాటలు వాళ్ళతో పోకుండా పట్టి దాచడం పనిగా పెట్టుకున్నారు. గది తలుపు మీద ఎర్రలైటు, దాని కింద ఆయన స్వహస్తాలతో రాసిన అట్ట ఒకటి ఉంటాయి. ‘ఈ లైటు వెలుగుతుండగా తలుపు తీసినవాడు నాకు శత్రువు’ అని ఆ అట్ట మీద ఉంటుంది. ఒకసారి ఆయన సొంత బావమరిది తీసి, ఆరునెలలు ఆ ఇంట భోజనానికి నోచుకోలేదు.

ఆయన దగ్గర రెండేళ్ళుగా పని నేర్చుకుంటున్నవాడు త్రినాథ్. చెవి మంచిది. పాడేవాళ్ళ గొంతు వెంట్రుకవాసి జారినా పట్టేస్తాడు. తన చెవి మంచిదని అతనికి బాగా తెలుసు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఇంత మంచి చెవికి మాస్టారి పాత హెడ్‌ఫోన్స్ ఏమిటని అతని బాధ. వాటి స్పంజి అరిగిపోయి, పట్టీకి నల్లటేపు చుట్టి ఉంటుంది. పైగా మాస్టారు వాటిని వాడే పద్ధతి ఇంకా వింత. నేల మీద పాడేవాళ్ళకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. ఒక చెవికే తగిలించుకుంటారు, రెండోది వెనక్కి నెట్టేస్తారు. పాతకాలపు రేడియోవాళ్ళ చాదస్తమని త్రినాథ్ అనుకునేవాడు, పైకి అనేవాడు కాదు.

విశాఖపట్నంలో ఒక దుకాణంవాడు త్రినాథ్‌కు స్నేహితుడు. విదేశాల నుంచి వచ్చిన హెడ్‌ఫోన్స్ మూడురోజులు వాడి చూడమని ఇచ్చాడు. వాటి ఖరీదుకు మంచి మోటారు సైకిలు వస్తుంది. మొదటి రాత్రి వాటితో తను నెలక్రితం చేసిన రికార్డింగు విని త్రినాథ్ నిద్రపోలేదు. తంబుర తీగ మీద వేలిగోరు తగిలిన చప్పుడు కూడా వినిపించింది. ఇన్నాళ్ళూ తను చెవిటివాడిలా బతికానని అనిపించింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు పెద్దలు. కానీ అంత ఖరీదు పెట్టాలంటే ఉన్న మోటారు సైకిలు అమ్మాలి. అమ్మాలా వద్దా అని మనసు ఊగుతుంటే పొద్దున్నే మాస్టారిని అడిగేశాడు.

“మాస్టారూ, ఇవి కొనుక్కోమంటారా, వద్దంటారా?”

మాస్టారు వాటిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తూకం బాగుందన్నారు. తర్వాత అలవాటు ప్రకారం పని చెప్పారు.

“రేపు నూకాలమ్మ వస్తుంది. రికార్డింగు నువ్వే చెయ్యి. వీటితోనే విను. కానీ ఒక్కమాట. ఆవిడ గుండె మంచిది కాదు. పాట రాకపోయినా ఫరవాలేదు, ఆవిడ ఎలా బస్సు దిగిందో అలాగే బస్సెక్కాలి.”

“సరేనండి,” అన్నాడు త్రినాథ్. మొదటి రెండు మాటలు విన్నప్పుడే అతని గుండె ఎగిరి గంతేసింది, మిగిలినవి ఆ సంతోషంలో కొట్టుకుపోయాయి. నూకాలమ్మ కోసం మాస్టారు మూడేళ్ళుగా తిరుగుతున్నారు. గజపతినగరం అవతల ఒక పల్లెలో ఉంటుంది. నాట్లు వేసేటప్పుడు పాడే ఊడ్పుపాట ఒకటి ఇరవైరెండు చరణాలూ తెలిసిన మనిషి ఈ జిల్లాలో ఆవిడ ఒక్కతే. డెబ్బై దాటింది. ఆవిడతోపాటే ఆ పాట కూడా పోతుందని అందరికీ తెలుసు.

మర్నాడు పదింటికి ఆవిడ వచ్చింది. మే నెల ఎండ. మనిషి సన్నం, చేతులు మాత్రం ఇంకా గట్టివి. చాప మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టి, మైకు సర్ది, త్రినాథ్ ఫ్యాను ఆపాడు. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడు మైకులో పడుతుంది కాబట్టి ఆ గదిలో అది రివాజు. మాస్టారు ఆవిడకు కొబ్బరిబొండాం తెస్తానని బజారుదాకా వెళ్ళారు. వెళ్ళబోతూ త్రినాథ్ వంక ఒకసారి చూశారు. త్రినాథ్ అప్పటికే వైర్లు కలుపుతున్నాడు.

ఆ ఖరీదైన హెడ్‌ఫోన్స్‌తో ఒక చిక్కుంది. వాటి శక్తికి తగ్గట్టు వేరే యాంప్లిఫయరు పెట్టె ఒకటి కావాలి, ఆ పెట్టెకు కరెంటు కావాలి. కరెంటు ప్లగ్గు గోడ దగ్గర బల్ల పక్కన ఉంది. అందుకని త్రినాథ్ నేల మీద కూర్చోలేదు. బల్ల ముందు కుర్చీ వేసుకుని, గోడకు ఎదురుగా, నూకాలమ్మకు వీపు పెట్టి కూర్చున్నాడు. మెత్తటి దిండ్లలాంటివి రెండు చెవులనూ మూసేశాయి. బయట ఎర్రలైటు వెలిగింది.

‘ఏడు మడుల నీరు ఎవరు గట్టారే, ఎదురుగట్టున నిలిచి ఎవరు పిలిచారే’ అని ఆవిడ ఎత్తుకుంది. ఆ గొంతు తలలోపల ఎక్కడో పుట్టినట్టు వినిపించింది. త్రినాథ్ ఒళ్ళు జలదరించింది. మూడో చరణానికి అతని మంచి చెవి మేలుకుంది. చరణం చివర సన్నటి ఈల ఒకటి ఉంది. మాస్టారి పాతవాటిలో అయితే ఇది చచ్చినా తెలిసేది కాదు. త్రినాథ్ పుస్తకం తీసి గడియారం చూసి రాసుకున్నాడు. ఏడో చరణంలో ఈల ఇంకా పెరిగింది. చెయ్యెత్తి ఆపమన్నాడు.

“చాలా బాగా పాడావమ్మా. కానీ చరణం చివర ఊపిరి చప్పుడు పడుతోంది. మొదట్నించి ఇంకొక్కసారి.”

“అలగే బాబూ,” అంది నూకాలమ్మ.

నూకాలమ్మ ఎలాంటి మనిషంటే, మేస్త్రీ ఇంకొక్క మడి అంటే నడుం పట్టేసినా ఇంకొక్క మడి నాటిన మనిషి. చదువుకున్న కుర్రవాడు ఇంకొక్కసారి అంటే కాదనడం ఆవిడకు చేతకాదు. మళ్ళీ పాడింది. ఈసారి పాట పరుగెత్తింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం తగ్గిపోతోందని త్రినాథ్ కనిపెట్టాడు, అదీ రాసుకున్నాడు. ఆపాడు. వెనక్కి తిరగకుండానే, కొంచెం నిదానించమని చెప్పాడు.

“ఓపాలి ఆ ఫేను ఏత్తారా బాబూ? ఉక్కగున్నాది.”

“ఫ్యాను వేస్తే పాట పాడైపోతుందమ్మా. ఇదొక్కసారే. మంచినీళ్ళు తాగు.”

“ఒద్దు బాబూ. పాటైపోనీ.”

ఆ మాటలు ఎంత స్పష్టంగా వినిపించాయంటే, ‘పోనీ’ దగ్గర ఆవిడ పెదవి అదిరిన చప్పుడు కూడా త్రినాథ్‌కు తెలిసింది. ఎంత బాగా పడుతోందో అనుకున్నాడు. మూడోసారి మొదలైంది. ఇప్పుడు ఇంకొక చప్పుడు తోడైంది, లోపలెక్కడో నీళ్ళు మరుగుతున్నట్టు బుడబుడ. ఉమ్మి అయివుంటుందని రాసుకున్నాడు. కుర్చీ కొంచెం తిప్పి చెయ్యి చాచి మైకు రెండంగుళాలు పక్కకు జరిపాడు. మైకును చూశాడు, దాని వెనక మనిషిని చూడలేదు. అంత దగ్గరికి వెళ్ళి కూడా చూడలేదంటే నమ్మబుద్ధి కాదు గానీ, అదే జరిగింది.

నాలుగోసారి ఆవిడ ఎత్తుకున్నప్పుడు గడియారం పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఈల ఉంది, బుడబుడ ఉంది, అయినా ఈసారి ఆపకూడదని, తర్వాత కంప్యూటర్లో తుడిచేయొచ్చని త్రినాథ్ నిశ్చయించుకున్నాడు. మూడు చరణాలు అయ్యాయి. నాలుగో చరణం సగంలో ఆగింది. త్రినాథ్ కళ్ళు మూసుకున్నాడు. ఆ నిశ్శబ్దం అంత స్వచ్ఛంగా అతను ఎప్పుడూ వినలేదు. ఒక్క గరగర లేదు, ఒక్క మసక లేదు. ఆవిడ తర్వాతి మాట గుర్తు తెచ్చుకుంటోందనుకుని, కలం అందుకుని ఆ నిశ్శబ్దం గురించే రాసుకున్నాడు.

తలుపు దబ్బున తెరుచుకుంది. అతనికి వినబడలేదు. ఎండ వెలుగు గోడ మీద పడితే, ఎర్రలైటుండగా ఎవడు తీశాడని కోపంగా వెనక్కి తిరిగాడు. తీసినవారు మాస్టారే; గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాట సగంలో తెగడం విన్నారు. కొబ్బరిబొండాలు గుమ్మంలో దొర్లుతున్నాయి. ఆయన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకు ఒరిగిపోయిన నూకాలమ్మను భుజానికి ఆనించుకుంటున్నారు. ఆవిడ పెదవులు నీలంగా ఉన్నాయి. చేతిలో చీరచెంగు ముడి ఉంది, ముద్దలా నలిగి, చెమటకు తడిసి. ఎంతసేపటి నుంచి అలా పట్టుకుందో ఎవరికీ తెలియదు.

“ఫ్యాను వెయ్యి. ఆటో పిలువు,” అన్నారు మాస్టారు. ఆ గొంతులో కోపం లేదు. అందుకే త్రినాథ్‌కు ఎక్కువ భయం వేసింది.

ఆసుపత్రికి చేరేదాకా దారి పొడుగునా ఆవిడ కూర్చునే ఉంది, పడుకోబెడితే ఊపిరాడలేదు. త్రినాథ్ ఎదురుగా కూర్చుని ఆవిడ రొమ్ము ఎగసిపడటం చూస్తున్నాడు. ఆ ఈల ఇప్పుడు ఆటో మోతలో కూడా వినిపిస్తోంది. పొద్దుటి నుంచి తనకు తెలిసిన ఈలే. ఈవిడ పోతే చంపినవాణ్ణి నేనే అనుకున్నాడు. దేవుళ్ళ పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు.

డాక్టరమ్మ చిన్న వయసుది, చురుకైన మనిషి. స్టెతస్కోపు పెట్టి చూసి, ముక్కుకు ఆక్సిజన్ తగిలించి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని చెప్పి, వెంటనే అడిగింది.

“పిల్లికూతలు ఎప్పుడు మొదలయ్యాయి? హఠాత్తుగా వచ్చిందా, మెల్లగా పెరిగిందా? ఎవరైనా దగ్గరున్నారా?”

మాస్టారు తల దించుకుని, “నేను లేనమ్మా. ఉండాల్సింది,” అన్నారు. తర్వాత శిష్యుడి వైపు తిరిగారు. “ఇతనున్నాడు. రాసుకున్నాడు కూడా.”

త్రినాథ్ జేబులోంచి పుస్తకం తీశాడు. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. డాక్టరమ్మ తొందరపెడుతుంటే చదవక తప్పలేదు.

“పది ఇరవై. చరణం చివర సన్నటి ఈల. గొంతుది కాదు, ఊపిరిది.” పుట తిప్పాడు. “పది ముప్పై అయిదు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం సగానికి తగ్గింది. పది నలభై ఎనిమిది. లోపల బుడబుడ. ఉమ్మి కావచ్చు.”

“తర్వాత?”

“పది యాభై తొమ్మిది,” అన్నాడు త్రినాథ్. దాని పక్కన రాసినది నోటితో చదవలేకపోయాడు. పుస్తకం ఆవిడ చేతికిచ్చాడు. ‘నిశ్శబ్దం. అద్భుతంగా ఉంది’ అని అక్కడ ఉంది.

డాక్టరమ్మ ఆ ఆఖరి మాటను పట్టించుకోలేదో, చదివీ అర్థం కాలేదో గాని, పైన వేళలన్నీ తన కాగితం మీదికి గబగబా ఎక్కించుకుంది. నర్సుకు ఇంజెక్షను పేరు చెప్పింది. వెళ్తూ వెళ్తూ ఆగి, “ఇంత వివరంగా మా వార్డులో కూడా ఎవరూ రాయరు. మీరు చాలా మేలు చేశారు,” అంది. ఆ మాటకు త్రినాథ్ గోడకు ఆనుకుని నేల మీద చతికిలపడ్డాడు. లెంపకాయ కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు.

మధ్యాహ్నం మూడింటికి ప్రాణభయం లేదన్నారు. లోపలికి వెళ్ళి చూడనిచ్చారు. నూకాలమ్మ ముక్కుకు ఉన్న గొట్టం కొంచెం పక్కకు లాగి, గురుశిష్యులిద్దరిలో శిష్యుణ్ణే అడిగింది.

“ఈపాలన్నా బాగా వచ్చినాదా బాబూ?”

త్రినాథ్ ఆవిడ పాదాలు పట్టుకున్నాడు. ఆవిడకు అదేమిటో అర్థం కాక మాస్టారి వంక చూసింది. మాస్టారు గొట్టం సరిగ్గా పెట్టి, పడుకోమని చెప్పారు.

ఇద్దరూ ఆసుపత్రి మెట్లు దిగి వచ్చారు. ఎండ ఇంకా తగ్గలేదు. కింది మెట్టు దగ్గర మాస్టారు చెప్పులు వెతుక్కుంటుంటే త్రినాథ్ పైమెట్టు మీదే నిలబడిపోయాడు. మూడురోజుల గడువు ఆ సాయంత్రంతో తీరిపోతుంది.

“మాస్టారూ, నిన్న మిమ్మల్ని అడిగింది ఇక అక్కర్లేదండి. అవి నాకొద్దు. ఇప్పుడే బస్సెక్కి వెళ్ళి ఇచ్చేస్తాను. మళ్ళీ వాటి మొహం చూడను.”

మాస్టారు చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని, తలెత్తి అతన్ని చూశారు.

“వాటి మీద కోపం దేనికి నాయనా?” అన్నారు. “పాపం, అవి నీ దగ్గర ఏదీ దాచలేదు.”