రాగి బిందెలూ వెయ్యేళ్ళ గ్రంథమూ

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఆ గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకొచ్చి కూర్చోండి. తోసుకోకండి, కథ అందరికీ సరిపోతుంది.

ఒకానొక రాజ్యంలో, దాని పేరు మేలుకొండ అనుకోండి, ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. మంచివాడే. కాకపోతే ఆయనకి పాతదంటే మహా మోజు. ఎవరైనా కొత్త మాట చెబితే "ఏ గ్రంథంలో ఉంది?" అనేవాడు. గ్రంథం చూపిస్తే "ఎంత పాతది?" అనేవాడు. "పాతదే నిజం, మరీ పాతదైతే మరీ నిజం" అని నిండుసభలో మీసం దువ్వుతూ సెలవియ్యడం ఆయనకి అలవాటు.

ఈ సంగతి ఎక్కడ విన్నాడో ఏమో, కపిలేశ్వర పండితుడనే ఆయన ఊళ్ళోకి దిగాడు. పట్టుగుడ్డ విప్పి, నల్లగా పొగచూరిన తాటాకుల గ్రంథం ఒకటి బయటికి తీశాడు. మూలికలు వేసి కాచి రాగిని బంగారం చేసే రసవాద విద్య అందులో ఉందట. వెయ్యేళ్ళ కిందట ఒక సిద్ధుడు, గాలి తప్ప మరేమీ భోంచెయ్యనివాడు, కొండగుహలో కూర్చుని స్వయంగా రాశాడట.

రాజు ఉబ్బిపోయాడు. పండితుడికి మేడ ఇచ్చాడు, పల్లకీ ఇచ్చాడు. ఊళ్ళో ఉన్న రాగి, ఇత్తడి పాత్రలన్నీ కోటలో అప్పగించాలనీ, శుక్రవారంనాడు అన్నిటినీ కరిగించి బంగారం చేస్తామనీ దండోరా వేయించాడు.

రాజుగారి కొలువులో పేరయ అని ఒక చమత్కారి ఉండేవాడు. భటులు వాళ్ళింటికీ వచ్చి బిందె, గుండిగ, చెంబు పట్టుకుపోయారు. పేరయ భార్య అక్కమ్మ గడపమీద కూలబడింది.

"ఏమండీ, రేపట్నించి నీళ్ళు దోసిట్లో తెమ్మంటారా?"

"బంగారు బిందె వస్తుందంటున్నారుగా."

"ముందు నా రాగి బిందె రప్పించండి. వీధి వీధంతా కుండల కోసం కుమ్మరి ఇంటిమీద పడ్డారు. రాజుగారికి మీరంటే గురి కదా, ఒక్క మాట చెప్పలేరూ?"

"చెబితే ఏ గ్రంథంలో ఉందంటారే."

"అయితే గ్రంథమే రాసి పారెయ్యండి" అని విసుక్కుంటూ లోపలికి పోయింది అక్కమ్మ.

పేరయ అక్కడే కూర్చుని కాసేపు తనలో తను నవ్వుకున్నాడు. తర్వాత తాటాకులు తెచ్చాడు. ఘంటంతో గీకి, అక్షరాలకి మసి పట్టించి, కట్టను పొయ్యి పైన దూలానికి వేలాడదీశాడు. అక్కమ్మ మట్టికుండలో వేసే ఇంగువ పోపుల పొగకి ఆ ఆకులు శుక్రవారానికల్లా ముత్తాత ముఖంలా తయారయ్యాయి.

కోట ముందర పాత్రలు గుట్టగా పడున్నాయి. కొలిమి తిత్తులు సిద్ధంగా ఉన్నాయి. పండితుడు మంత్రం అందుకోబోతుండగా, గ్రంథాన్ని నెత్తిమీద పెట్టుకుని పేరయ వచ్చాడు.

"మహాప్రభూ, కొంచెం ఆగాలి. ఆ సిద్ధుడిగారి గురువుగారి గ్రంథం దొరికింది."

"గురువుగారిదా? అయితే ఇంకా పాతదన్నమాట."

"శిష్యుడికంటే గురువు ముందు పుట్టడం ఆనవాయితీ కదా ప్రభూ."

"చదువు, చదువు."

పేరయ గొంతు సవరించుకున్నాడు. "'నా శిష్యుడు మంచివాడే గానీ పాఠం చెబుతుంటే కునుకు తీసేవాడు. అందుచేత విద్యను తలకిందులుగా రాసుకున్నాడు. ఈ మూలికలతో కాస్తే రాగి బంగారం కాదు, బంగారమే రాగి అవుతుంది. ముందుగా రాజు తన కిరీటం కొలిమిలో వెయ్యవలెను.'" చదివి, గుట్టలోంచి ఒక పళ్ళెం తీసి చాపాడు. "ప్రభూ, కిరీటం ఇలా దయచేయించండి. మరీ పాతదైతే మరీ నిజమని తమరి సెలవే కదా."

రాజు చెయ్యి దానంతటదే కిరీటం మీదికి పోయింది. పదిమందిలో అన్న మాట, వెనక్కి తీసుకోవడం ఎలా? "పండితా, నువ్వొకసారి చూడు" అన్నాడు చిన్నగా.

పండితుడు ఒక ఆకు అందుకుని వాసన చూసి, పకపకా నవ్వాడు. "వెయ్యేళ్ళు కాదు గదా, దీనికి వారం కూడా నిండలేదు. వంటింటి పొయ్యి మీద వేలాడదీసిన సరుకు ఇది. ఇంగువ గుప్పుమంటోంది. పైగా నిజంగా పాత ఆకైతే వంచగానే పుటుక్కున విరగాలి. ఇది చూడండి, చాపలా వంగుతోంది."

"ఎంత బాగా చెప్పారు" అని పేరయ చేతులు జోడించాడు. "ఆ పరీక్ష తెలియకే మోసపోయాను ప్రభూ. అదే పరీక్ష పండితులవారి గ్రంథానికీ చేసేస్తే, నేను సిగ్గుపడి ఇంటికి పోతాను."

పండితుడి నవ్వు ఆగిపోయింది. "అది పవిత్రమైనది, ముట్టుకోకూడదు" అంటుండగానే రాజు తనే ఒక ఆకు లాగి వంచాడు. అది వంగి, వదలగానే మళ్ళీ లేచి నిలబడింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పండితా, సిద్ధుడు గాలి తప్ప ఏమీ తినడన్నావు కదూ?"

"చిత్తం."

"మరి ఈ ఎండుచేపల వాసనేమిటయ్యా?"

పండితుడు తల వంచుకున్నాడు. "సత్రంలో వేరే పొయ్యి దొరకలేదు మహాప్రభూ."

రాజు ముఖం ముందు ఎర్రబడింది. తర్వాత మీసాలు అదిరాయి. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"అయితే పేరయా, పాత గ్రంథాలన్నీ బూటకమేనంటావా?"

"అనను ప్రభూ. పూర్వం ఎవరో పాపం నిజంగానే బంగారం కోసం కొలిమి ముందు కూర్చుని కళ్ళు పోగొట్టుకున్నారు. బంగారం రాలేదు గానీ మందులు తెలిశాయి, రంగులు తెలిశాయి, గిన్నెల లోపల తగరంతో కళాయి పూయడం తెలిసింది. సొంత పేరుతో రాస్తే ఎవరూ చదవరని పైన సిద్ధుల పేర్లు తగిలించారు. ఎవరు రాసినా, కాచి చూస్తే ఏమొచ్చిందో అడగాలి."

రాజు పండితుడి వైపు తిరిగాడు. "నీకు కళాయి పూయడం వచ్చా?"

"అది మాత్రం నిజంగా వచ్చు మహాప్రభూ."

"అయితే తిత్తులు ఊదు. ఈ పాత్రలన్నిటికీ కళాయి పూసి, ఇంటింటికీ నువ్వే మోసి అప్పగించు." అని, తన చేతి కంకణం తీసి పేరయకి తొడిగాడు.

అక్కమ్మ బిందె లోపల వెండిలా మెరుస్తూ ఇంటికి చేరింది. పేరయ కంకణం చూపించబోతే, "అది అవతల పెట్టండి, ముందు నన్ను నీళ్ళు తెచ్చుకోనివ్వండి" అని బిందె చంకనెత్తుకుని బావికి వెళ్ళిపోయింది.

అదర్రా కథ. ఇక లేవండి. ఇళ్ళల్లో మీ అమ్మలు కంచాలు పెట్టేసి ఉంటారు. పులుసు వేడిగా ఉండగానే వెళ్ళి కడుపునిండా తినండి. చేతులు కడుక్కోవడం మర్చిపోకండి.