నీ కొలతకే కుట్టు

అబ్నేరుకి ఒక చింత పట్టుకుంది. చావు గురించి రెండేళ్ళుగా చదువుతున్నాడు, అయినా గురువు ఒక్కసారీ మెచ్చుకోలేదు.

అది గ్రీసు తీరాన సలోనికా రేవులోని యూదుల పేట. గురువు రబ్బీ షెమయా ముసలివాడు, మితభాషి. శిష్యుడు అందుకు పూర్తిగా ఎదురు. గ్రీకు స్టోయిక్ జ్ఞానులు ప్రతి ఉదయాన్నీ ఆఖరి ఉదయంగా చూడమన్నారనీ, తమ యూదు పెద్దలు కూడా చావు రాకముందే తప్పు దిద్దుకోమన్నారనీ, రెండు దారులూ ఒకే చోట కలుస్తాయనీ వినేవాళ్ళు దొరికితే చాలు, గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. బాగా చెప్పేవాడు కూడా. అతని సొంత సంగతి మాత్రం శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు ఉండేది.

అతనికి యోనా అని ఒక అన్న ఉన్నాడు, చేపల వీధిలో ఉంటాడు. చేపలు పట్టి తమ్ముణ్ణి చదివించాడు. కిందటి చలికాలంలో ఒకరోజు వల దించి, బట్టలు కూడా మార్చుకోకుండా తమ్ముణ్ణి చూడడానికి పాఠశాలకి వచ్చాడు. ఎవరతనని పక్కనున్న పెద్దమనిషి ముక్కు మూసుకుని అడిగాడు. “మా ఇంటికి చేపలు తెచ్చే మనిషి” అన్నాడు అబ్నేరు. యోనా విన్నాడు. తెచ్చిన బుట్ట గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ మాట అబ్నేరుకి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. వెళ్ళి కాళ్ళు పట్టుకుందామని ఉంది. కానీ ఈ వారం కాదు, చదువు ఉంది. వచ్చే వారం కాదు, వాన.

ఒకరోజు అతను చావుకి తాను భయపడనని గురువు ముందు అన్నాడు. రబ్బీ లేచి, లోపలి నుంచి మోటు నారబట్ట, సూది, దారం తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు. వాళ్ళలో చనిపోయినవాళ్ళకి తొడిగే చొక్కా ఆ బట్టతోనే కుడతారు.

“నీ కొలతకే కుట్టు” అన్నాడు.

అబ్నేరు సంబరపడ్డాడు. ఇన్నాళ్ళకి గురువు తనని గుర్తించాడనుకున్నాడు. కూర్చుని శ్రద్ధగా కుట్టి తెచ్చాడు. రబ్బీ కుట్టు వెంట బొటనవేలు పోనిచ్చి, దారం చివర ముడి తగలగానే కత్తెరతో తెంపేశాడు. ఆ చొక్కాకి ముడి వేయకూడదు, మట్టిలో తేలిగ్గా ఊడిపోవాలి. అది పేటలో పిల్లలకి కూడా తెలుసు. గట్టిగా ఉంటుందని వేశానని అబ్నేరు నసిగాడు.

“ఎన్నాళ్ళు ఉండాలి?” అని అడిగాడు రబ్బీ.

పాఠశాలలో జరిగింది తెలిసిన రబ్బీ మరొకటి కూడా అడిగాడు.

“మీ అన్న దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావు?”

“ప్రాయశ్చిత్త దినానికి ముందు రోజు వెళ్తానండి. క్షమాపణ అడగడానికి పెద్దలు పెట్టిన రోజు అదే కదా.”

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఆచారం అదే. రబ్బీ కత్తెర పక్కన పెట్టేశాడు. అబ్నేరు ముడులన్నీ విప్పి మళ్ళీ కుట్టి, ఆ చొక్కాని తన మంచానికి ఎదురుగా మేకుకి తగిలించుకున్నాడు. రోజూ లేవగానే దాన్ని చూసి, ఈ రోజే ఆఖరిది అనుకుని, తృప్తిగా చదువుకి కూర్చునేవాడు.

ప్రాయశ్చిత్త దినం ఇంకా రాకముందే, వేసవి చివర ఒకరోజు పొద్దున సముద్రం తిరగబడింది. మధ్యాహ్నానికి శవసంస్కారాలు చేసే పెద్దలు రబ్బీ కోసం వచ్చారు. సముద్రంలో మునిగి చనిపోయినవాడికి తొడగడానికి చొక్కా లేదని, పొద్దు గూకేలోగా మట్టి చేయాలని చెప్పారు. రబ్బీ తిన్నగా అబ్నేరు గదిలోకి వెళ్ళి మేకు మీది చొక్కా తీశాడు.

“ఎవరికండీ?” అన్నాడు అబ్నేరు పుస్తకంలోంచి తలెత్తి.

“నీ కొలత మనిషికి.”

అబ్నేరు పుస్తకం పక్కన పడేసి లేచాడు. పేటలో తన ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు ఒక్కడే. చిన్నప్పుడు ఆ ఒక్కడి చొక్కాలే వేసుకుని పెరిగాడు.

శవాల్ని కడిగే గది శ్మశానం పక్కనే ఉంది. అబ్నేరు పరుగున వెళ్ళేసరికి లోపల నీళ్ళు పోస్తున్నారు. రాత్రంతా వల వేసినవాణ్ణి సముద్రమే ఒకసారి కడిగింది, ఇప్పుడు మనుషులు కడుగుతున్నారు. కడిగేవాళ్ళు పోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచి మన్నించమని అడగాలి. అది కూడా ఆచారమే.

“యోనా, ఎలీషా కుమారుడా, మావల్ల నీకు ఏ అమర్యాద జరిగినా మన్నించు.”

ఒకరి తర్వాత ఒకరు అడిగారు. రొట్టెలు కాల్చేవాడు అడిగాడు, తాళాలు బాగుచేసేవాడు అడిగాడు. వాళ్ళలో ఎవరూ యోనాని ఒక్క మాట అన్నవాళ్ళు కారు.

అబ్నేరు గడప దాటబోయాడు. రబ్బీ తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టాడు. రక్తసంబంధీకులు లోపలికి రాకూడదు. ఆయన భుజం మీదుగా అబ్నేరుకి బల్ల మీది పాదాలు కనిపించాయి, నారచొక్కా అంచు కనిపించింది. కొలత ఎక్కడా తప్పలేదు.

“రబ్బీ, ఒక్కసారి నన్నూ అడగనివ్వండి” అని ఏడ్చాడు.

రబ్బీ కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. కానీ చెయ్యి తీయలేదు.

“తమ్ముడు అడగాల్సిన గుమ్మం ఇది కాదు నాయనా. అది చేపల వీధిలో ఉంది. నిన్న రాత్రి దాకా తెరిచే ఉంది.”

అని మెల్లగా తలుపు వేశాడు.