కూతలు పెట్టిన కంప్యూటర్

రేగులపాడు తహసీల్దారు కచేరీలో పరాంకుశం కంప్యూటర్ ఆపరేటరు. కుట్టుమిషన్లు బాగుచేసే సైదులు ఒకసారి అక్కడి ప్రింటర్‌ను క్షణాల్లో నడిపించాడు. తహసీల్దారు వకుళమ్మ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించింది. ఆనాటి నుంచి పరాంకుశానికి సైదులంటే గిట్టడం లేదు.

సర్టిఫికెట్లకు ఆఖరి రోజున కంప్యూటర్ మొరాయించింది. మీట నొక్కితే కీచుమని కూతలే తప్ప తెర వెలగలేదు. బయట జనం బారులు తీరారు. వకుళమ్మ సైదులుకు కబురు పెట్టింది.

"పొద్దుట్నుంచీ చూస్తున్నా, నాకే అంతుచిక్కలేదు. ఈ మిషన్ల మేస్త్రీకేం తెలుస్తుంది మేడం?" అన్నాడు పరాంకుశం.

సైదులు వచ్చి, మీట నొక్కి ఆ కూతలు విన్నాడు. కంప్యూటర్ పెట్టె స్క్రూల మీద కొత్త గీతలు చూసి, ఎవరో దాన్ని విప్పారని గ్రహించాడు. అయినా పైకి మాత్రం, "అమ్మగారూ, ఇందులో హార్డ్ డిస్క్ లేదండి, ఎవరో ఎత్తుకుపోయారు" అన్నాడు.

పరాంకుశం సంబరం పట్టలేకపోయాడు. "చూశారా మేడం వీడి పనితనం! డిస్క్ లోపలే ఉంది. లేనిది ర్యామ్ కార్డు!"

"పొద్దుట్నుంచీ అంతుచిక్కనిది, మూతైనా తీయకుండా ఇప్పుడెలా తెలిసిందండీ?" అని సైదులు నెమ్మదిగా అడిగాడు.

వకుళమ్మ పరాంకుశం వైపు చెయ్యి చాచింది. అతను తల వంచుకుని, చొక్కా జేబులోంచి కార్డు తీసి ఆ చేతిలో పెట్టాడు. సైదులు దాన్ని బిగించగానే తెర వెలిగింది, బయటి వరుస కదిలింది.