పొగ రాని గుబురయ్య పొయ్యి

అనగనగా ఒక అడవి ఉండేది. అలాంటిలాంటి అడవి కాదర్రా, పళ్ళు టకటకలాడించే చలి అడవి. అక్కడ కాకి ఒక్క "కా" అనాలంటే ముందు "క్క, క్క, క్క, క్క" అని కాసేపు వణకాలి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

ఆ అడవిలో ఎప్పుడో ఒక కాపలాదారు వదిలేసి వెళ్ళిపోయిన రాతిగది ఉంది. అందులో గుబురయ్య అనే ఎలుగుబంటి, సూదమ్మ అనే ముళ్ళపంది ఉంటున్నారు. గుబురయ్యది వెన్నలాంటి మనసు. కానీ ఎవరైనా మెచ్చుకుంటే చాలు, ఒళ్ళు మరిచిపోయేవాడు. గదిలో అతనికి ఒక చెక్కమంచం కూడా ఉంది. "ఈ అడవి మొత్తంలో మంచం మీద పడుకునేది నేనొక్కణ్ణే!" అని రోజూ పొద్దున్నే కిటికీలోంచి అరిచి మరీ చెప్పేవాడు.

గది మూలన ఒక బుల్లి ఇనప పొయ్యి ఉంది. దానికి ఒక తలుపు, కప్పు దాటి పైకి వెళ్ళే గొట్టం, పక్కన ఒక మీట. లోపల పైభాగాన చిల్లుల బిళ్ళ ఒకటి, అచ్చం తేనెపట్టులా ఉంది. తేనెపట్టు కనిపిస్తే ఎలుగుబంటి ఊరుకుంటుందా? చూసిన మొదటిరోజే గుబురయ్య తల దూర్చి నాకేశాడు. నాలుకంతా మసి! మర్నాటిదాకా ఏం తిన్నా బొగ్గు రుచే.

చలికాలం వచ్చింది. ఇద్దరూ పొయ్యి వెలిగించారు.

మొదటిసారి పచ్చికట్టెలు పెట్టారు. అవి బుస్సుమన్నాయే తప్ప మండలేదు. గది నిండా పొగ! సూదమ్మ "హాచ్!" అని తుమ్మింది. ఒంటి మీది ముల్లు ఒకటి ఊడి గుబురయ్య పిరుదులో గుచ్చుకుంది.

రెండోసారి ఎండుకట్టెలు పెట్టారు. మంట వచ్చింది. గుబురయ్యకి ఆగడం చేతకాక వెంటనే మీట నొక్కేశాడు. మీట లాగి ఉంచితే పొగ తిన్నగా గొట్టంలోకి పోతుంది. నొక్కితే మాత్రం ఆ చిల్లుల బిళ్ళలోంచి దూరి వెళ్ళాలి. బిళ్ళ ఇంకా చల్లగా ఉంది కదా, పొగ అందులో దూరలేక గదిలోకే తిరిగొచ్చింది. "హాచ్!" అంది సూదమ్మ. ఇంకో ముల్లు. అదే పిరుదు.

మూడోసారి సూదమ్మ కళ్ళెర్రజేసి, "ఒరే తమ్ముడూ, పొయ్యి బాగా కాగేదాకా మీట ముట్టుకున్నావంటే ఈసారి తుమ్మకుండానే గుచ్చుతాను" అంది. గుబురయ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కాసేపయ్యాక సూదమ్మ పొయ్యి మీద నీళ్ళు చిలకరించింది. మీ అమ్మ దోశ పెనం మీద చిలకరిస్తుందే, అలాగే. నీటిబొట్టు చుయ్‌మని గంతులేసి మాయమైంది.

"ఇప్పుడు నొక్కు!" అంది సూదమ్మ.

గుబురయ్య మీట నొక్కాడు. పొగ ఆ వేడి బిళ్ళలోకి దూరింది. దూరిన పొగ దూరినట్టే తనూ అంటుకుని కాలిపోయింది! బిళ్ళ ఎర్రగా వెలిగింది. గది వెచ్చబడింది. బయటికెళ్ళి చూస్తే గొట్టంలోంచి పొగే లేదు.

"అక్కా! ఈ పొయ్యి పొగని కూడా కాల్చుకు తినేస్తోందే!" అని గుబురయ్య మంచం ఎక్కి గంతులేశాడు. రెండు కట్టెలతో పూటంతా వెచ్చగా గడిచిపోయింది.

ఇంతలో మంచు ముసురు పట్టుకుంది. ఎముకలు కొరికేంత చలి. అడవిలో కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. సూదమ్మ ముందే గదిలో పేర్చి పెట్టిన ఎండుకట్టెలు మాత్రం మిగిలాయి. పొదుపుగా వాడితే ముసురు వెలిసేదాకా వస్తాయి.

ఒక పొద్దున తలుపు చప్పుడైంది. చిటికమ్మ అనే ఉడుత, ఆకుల పొట్లంలో తన పిల్లల్ని పట్టుకుని నిలబడింది. చింతపిక్కలంత పిల్లలు. ఒంటి మీద వెంట్రుక కూడా మొలవలేదు.

"గుబురు మావయ్యా, నా గూడు తడిసిపోయింది. ఈ చలికి నా పిల్లలు బతకరు" అని ఏడ్చింది.

గుబురయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేనుండగా నీకెందుకమ్మా బెంగ? నా పొయ్యి దగ్గర నీ పిల్లలకి ఏ భయమూ లేదు" అని మాటిచ్చాడు.

అంతా బాగానే ఉండేది, ఎదుటి దిబ్బ మీద ఊళయ్య అనే నక్క లేకపోతే. ఊళయ్య తడి ఆకులు గుట్టగా పోసి మంట పెట్టాడు. మంట బెత్తెడే గానీ పొగ కొండంత లేచింది. అడవి అడవంతా దిబ్బ దగ్గరికి పరిగెత్తింది. "అబ్బ! మంటంటే ఊళయ్యదే మంట!" అని చప్పట్లు కొట్టారు. తర్వాత గుబురయ్య గొట్టం వైపు చూశారు. అక్కడేముంది? ఏమీ లేదు.

"అయ్యో పాపం, గుబురయ్య పొయ్యి ఆరిపోయింది" అనుకున్నారు.

ఇక పరామర్శలు మొదలయ్యాయి. ముందు కోతి వచ్చి గడప బయటే కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. తర్వాత కుందేలు ఒక ముల్లంగి తెచ్చి, "పొయ్యి పోయిన దుఃఖంలో ఉన్నావు, కాస్త ఎంగిలిపడు బాబాయ్" అంది.

"పోలేదే! లోపలికొచ్చి చూడు!" అని గుబురయ్య మొత్తుకున్నాడు.

"వద్దులే బాబాయ్, నీ కష్టం నేను చూడలేను" అని కుందేలు గెంతుకుంటూ వెళ్ళిపోయింది.

చివరికి ఊళయ్యే దిబ్బ మీదినుంచి కేకేశాడు. "ఏం బావా! నీ మంచం సరేగానీ, పొయ్యిలో పిల్లి పడుకుందా?"

అందరూ ఘొల్లుమన్నారు. గుబురయ్యకి తల కొట్టేసినట్టయింది. గబగబా లోపలికొచ్చి మీట లాగేశాడు. పొయ్యి నిండా కట్టెలు కుక్కాడు. గొట్టంలోంచి నల్లటి పొగ బుసబుసా లేచింది.

"ఓహో! గుబురయ్య పొయ్యి!" అని అందరూ ఇటు తిరిగి చప్పట్లు కొట్టారు.

ఇక చూడండి మన గుబురయ్యని! లోపలికి పరుగు, ఒక కట్టె, బయటికి పరుగు, ఒక దండం. మళ్ళీ లోపలికి పరుగు, రెండు కట్టెలు, బయటికొచ్చి రెండు దండాలు. ఊళయ్య ఇంకాస్త ఆకు వేశాడు. గుబురయ్య ఇంకాస్త కట్టె వేశాడు.

"ఒరే తమ్ముడూ, వేడంతా గొట్టంలోంచి పోతోందిరా!" అని సూదమ్మ మొత్తుకుంది.

"ఇంకొక్కసారి అక్కా, జింకలు ఇంకా చూడలేదు!"

"మావయ్యా, కట్టెలు అయిపోవస్తున్నాయి" అంది చిటికమ్మ.

"ఇంకొక్కసారి తల్లీ, అడవిపంది ఇప్పుడే వచ్చింది!"

చివరి కట్టె కూడా వేశాడు. అది కాలిపోయింది. పొగ ఆగింది. చూసేవాళ్ళంతా చప్పట్లు కొట్టి చక్కా పోయారు. ఒక్కరంటే ఒక్కరు కూడా ఒక పుల్ల ఇచ్చి పోలేదు.

గుబురయ్య నవ్వుకుంటూ లోపలికొచ్చాడు. గది చల్లబడిపోయింది. చిటికమ్మ పొట్లం వైపే చూస్తోంది. పొద్దుటినుంచీ కిచకిచమన్న పిల్లలు ఇప్పుడు చప్పుడు చేయడం లేదు.

గుబురయ్య గబగబా పొట్లం విప్పాడు. పిల్లల్ని తీసి తన ఛాతీ మీది బొచ్చులో పొదువుకున్నాడు. వెచ్చదనం కోసం దిబ్బ దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ చూస్తే ఏముంది? ఊళయ్య, కోతి, కుందేలు అందరూ పొగలో నిలబడి కళ్ళు కారుతూ గజగజ వణుకుతున్నారు. అంత పొగలో ఆ పిల్లలకి సరిపడా వేడి కూడా లేదు.

గుబురయ్య వెనక్కి పరిగెత్తాడు. గదిలో ఎండుకర్ర ఇంకేమైనా ఉందా అని అటూ ఇటూ వెతికాడు. ఒక్కటే ఉంది. మంచం.

ఒక్క క్షణం దాన్ని ప్రేమగా నిమిరాడు. మరుక్షణం ఫెళ్ళున విరిచాడు.

నాలుగు చెక్కలు పొయ్యిలో వేశాడు. అంటించాడు. పిల్లల్ని గుండెకి హత్తుకుని కూర్చున్నాడు. ఆగడం చేతకాని గుబురయ్య ఈసారి కదల్లేదు. సూదమ్మ నీళ్ళు చిలకరించింది. చుయ్‌మంది. గుబురయ్య మీట నొక్కాడు. బిళ్ళ ఎర్రబడింది.

అప్పుడే బయట ఊళయ్య గొంతు వినబడింది. "చూశారా! మళ్ళీ పొగ ఆగింది. బావ పొయ్యి మళ్ళీ ఆరిపోయింది!"

గుబురయ్య చెయ్యి మీట మీదికి వెళ్ళింది. ఆ చెయ్యి అక్కడే ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చి పిల్లల్ని కప్పింది.

"అవును బావా, ఆరిపోయింది!" అని గుబురయ్య లోపలినుంచే హాయిగా కేకేశాడు.

కాసేపటికి అతని ఛాతీ మీద ఏదో కదిలింది. "కిచ్" మంది. ఇంకొకటి "కిచ్, కిచ్" అంది. చిటికమ్మ ఏడుస్తూ నవ్వుతూ గుబురయ్య ముక్కు మీదికెక్కి ముద్దులు పెట్టేసింది. సూదమ్మ ఆనందం పట్టలేక తుమ్మింది. ముల్లు ఎక్కడ గుచ్చుకుందో వేరే చెప్పాలా?

ఇంతలో కుందేలు ఇంకో ముల్లంగి పట్టుకుని పరామర్శకి వచ్చింది. తలుపు తీయగానే వెచ్చటి గాలి మొహానికి తగిలింది. కుందేలు ముల్లంగి మాట మరిచిపోయి లోపలికొచ్చి కూర్చుంది. తర్వాత కోతి. తర్వాత జింకలు. అందరికంటే చివర ఊళయ్య తలుపు సందులోంచి ముక్కు దూర్చి, "బావా, కాస్త జరుగుతావా?" అన్నాడు. గుబురయ్య జరిగాడు.

మంచం చెక్కలతోనే ముసురు గడిచిపోయింది. ఎండ వచ్చేసరికి పిల్లల ఒంటి మీద నూగు మొలిచింది. గుబురయ్య ఇప్పుడు నేల మీదే పడుకుంటున్నాడు, అడవిలో అందరిలాగే. పొద్దున్నే కిటికీలోంచి అరవడం మాత్రం మానలేదు. "మా పిల్లలకి బొచ్చు వచ్చిందోచ్!" అని అరుస్తాడు.

నీతి: మన వెచ్చదనం మనల్ని నమ్ముకున్నవాళ్ళకి అందితే చాలు. అది లోకమంతా చూసి మెచ్చుకోవాలని పాకులాడితే లోకానికి మిగిలేది పొగ, మనవాళ్ళకి మిగిలేది చలి.